పొడి అంటే ఏది పొడి?

రాత్రి పదకొండయింది. ఇల్లంతా పచ్చిమిరపకాయల వాసన. హాల్లో సోఫా గోడకి జరిపి, మంచం మీద పంచె పరిచి గుమ్మడి వడియాలు ఆరబెట్టాం. పైన ఫ్యాను అయిదులో తిరుగుతా ఉంది. పుష్యమాసం చలిలో ఫ్యాను కింద దుప్పటి కప్పుకుని టైపు చేస్తున్నా. అంతా ఒక్క మాట వల్ల.

నిన్న సాయంత్రం తిరుపతిలో మా కాలనీ గ్రూపులో ఎవరో వాతావరణ శాఖ బులెటిన్ పెట్టారు. ఉత్తర కోస్తా, దక్షిణ కోస్తా, రాయలసీమ, మూడింటికీ ఒకటే ముక్క: పొడి వాతావరణం. కనిష్ఠ ఉష్ణోగ్రతలు రెండు మూడు డిగ్రీలు తగ్గొచ్చని కింద ఇంకో ముక్క. అయిదింటికి మిద్దె మీద వడియాలు ఎత్తుదామంటే అమ్మ ఫోను చూపించింది. "పొడి అని రాసుండారు కదరా, ఇంగ కిందికీ మీదికీ మోసేదెందుకు?" తెల్లారి చూస్తే మిద్దె తడిసి నల్లగా ఉంది. పంచె పిండితే నీళ్లు.

బులెటిన్‌లో పొడి అంటే వాన లేదని మాత్రమే అర్థం. ఆ ప్రాంతంలోని వానమాపక కేంద్రాల్లో ఒక్కదాంట్లో కూడా వాన నమోదు కాకపోతే అది 'పొడి'. పాతిక శాతం లోపు కేంద్రాల్లో పడితే 'ఒకటి రెండు చోట్ల', సగం దాకా అయితే 'కొన్ని చోట్ల'. గాలిలో తేమ ఎంతుందో ఆ మాట చెప్పదు. పైగా జనవరిలో మనకి వీచేది ఈశాన్యపు గాలి, బంగాళాఖాతం మీదుగా వచ్చేది. సూళ్లూరుపేట, పులికాట్ దాటి మన దాకా వచ్చేసరికి అది ఎండిపోయి ఉంటుందా?

లెక్క చూడండి. మధ్యాహ్నం 30 డిగ్రీలు, తేమ 46 శాతం. వడియాలకి బంగారం లాంటి ఎండ. అదే గాలి, చుక్క నీరు కలవకుండానే, తెల్లవారుజామున 18కి చల్లబడితే తేమ దాదాపు 95 శాతమవుతుంది, చల్లగాలిలో పట్టే నీరు తక్కువ కాబట్టి. ఆ 18 కూడా నేలకి నాలుగడుగుల ఎత్తున, తెల్ల చెక్కపెట్టెలో పెట్టిన థర్మామీటరు చెప్పే లెక్క. మబ్బులేని రాత్రి మిద్దె తన వేడినంతా ఆకాశానికి వదిలేసి, గాలికంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువే చల్లబడుతుంది. ఆ తేమ నూరు శాతమయ్యే 17 దాటి కిందికి దిగిందా, మంచు పట్టడం మొదలు. మబ్బుంటే కప్పిన దుప్పటిలా వేడిని ఆపుతుంది. అంటే ఆకాశం ఎంత తేటగా ఉంటే మిద్దె అంత తడుస్తుంది. బులెటిన్‌లో 'పొడి' అని కనపడిన రోజే ముందుగా ఎత్తాల్సింది!

అమ్మని అనడానికి లేదు. ఈ ఇంట్లో అందరికీ బులెటిన్ పిచ్చి పట్టింది 2021 నవంబరు 18 నుంచి. కార్తీక పౌర్ణమి రోజులు. వాయుగుండం ఎక్కడో పుదుచ్చేరి దగ్గర తీరం దాటబోతోందని చెప్తుంటే మనకేంలే అనుకున్నాం. సముద్రం మీంచి వచ్చిన తడిగాలి శేషాచలం కొండలకి కొట్టుకుని పైకి లేచి, ఉన్న నీళ్లన్నీ ఇక్కడే దింపేసింది. కపిలతీర్థం నుంచి ఎర్రటి బురద నీళ్లు దూకడం, నడకదారులు మూసేయడం, స్వర్ణముఖి పొంగడం. ఆ తర్వాత రాయలచెరువు కట్టకి గండి పడుతుందేమోనని కింది ఊళ్లన్నీ ఖాళీ చేయించడం. తెల్లవార్లూ కట్ట నిలిచిందా అని ఫోన్లు. అప్పుడు నేర్చుకున్నాం, 24 గంటల్లో పడిన వాన 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 దాటితే అత్యంత భారీ అని. వాన గురించి ఇంతింత నేర్చుకున్నాం గానీ, వాన లేదంటే ఏమిటో ఎవరూ నేర్చుకోలేదు. పొడి అంటే చాలు, ఊపిరి పీల్చుకుని ఫోను పక్కన పడేస్తాం.

మధ్యలో టీవీ ఒకటి. పొద్దున్నించీ "చలి పులి పంజా". ఏ ఊళ్లో ఎంతో చెప్పరు, పులి మాత్రం గాండ్రిస్తుంది. మైదానంలో కనిష్ఠం 10కి తగ్గి, మామూలుకంటే 4.5 డిగ్రీలు పడిపోతేనే చలిగాలులు అంటారు. సముద్రపు ఒడ్డున అయితే గాలి విసురుకి ఒణుకు ఎక్కువ కాబట్టి 15 చాలు. మన జిల్లాలో శ్రీహరికోటకి ఒక లెక్క, తిరుపతికి ఒక లెక్క. తిరుమల మనకంటే దాదాపు 700 మీటర్లు పైన, అక్కడ నాలుగైదు డిగ్రీలు తక్కువ. ధనుర్మాసం తిరుప్పావైకి స్వెటరు లేకుండా కొండెక్కినవాళ్లని అడగండి.

ఆ 'పొడి' తీసేసి 'వాన లేదు' అని రాస్తే వాతావరణ శాఖ వాళ్ల సొమ్మేం పోతుంది, అని పెద్ద పేరా రాసి పెట్టుకున్నా. ఇందాక చిన్నాయన పాకాల నుంచి ఫోను చేశాడు. మామిడి పూత దిగిందంట. చెట్టుకి నీళ్లు ఆపేసి, చలి పడి, వాన లేకుండా నెల గడిస్తేనే ఆ పూత. ఇప్పుడు ఒక్క జల్లు కొట్టినా పూత మాడిపోతుంది. ఆయనకి కావాల్సింది వాన ఉందా లేదా అన్నదే. పొడి అన్న మాట చదివి ఆయన మొహంలో వచ్చిన వెలుగు ఫోనులోనే తెలిసింది. నా పేరా కొట్టేశా.

మంచు మాత్రం ఆయన్నీ వదలదు. తెల్లవారి మంచు, పగలు ఎండ, బూడిద తెగులుకి అంతకంటే ఏం కావాలి. నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు, పూమొగ్గలు విచ్చుకోకముందే కొట్టాలి. తడాకుల మీద కొడితే కారిపోతుంది, తొమ్మిది దాటి ఆకు ఆరనివ్వాలి. మట్టమధ్యాహ్నం ఎండలో కొడితే ఆకు మాడుతుంది. పూత పూర్తిగా విచ్చుకుంటే ఆపేయాలి, తేనెటీగలు తిరుగుతుంటాయి.

ఇంగ వడియాలు. మూడు కిలోల బూడిద గుమ్మడికి అరకిలో మినప్పప్పు. ముక్కలకి ఉప్పు పట్టించి రాత్రంతా గుడ్డలో మూటగట్టి, పైన రుబ్బురాయి బరువు పెట్టాం. అంతా బాగానే చేశాం. మొదటిరోజు పైపొర మాత్రమే ఎండుతుంది, లోపల పిండి పచ్చిగానే ఉంటుంది. ఆ రాత్రే మంచు తగిలితే మూడోనాటికి బూజు, పులుపు. పట్ట కప్పుదామని చెల్లెలు అంది. ప్లాస్టిక్ పట్ట ఇంకా చెడ్డది, వడియాల్లోంచి లేచిన ఆవిరి దానికే తగులుకుని చుక్కలుగా మళ్లీ వాటి మీదే పడుతుంది. మెట్ల గది కప్పు కింద పెట్టినా సగం బాధ తప్పుతుంది, ఆకాశం కనపడకపోతే చాలు.

రేపు ఏడింటికే ఎక్కించొద్దని అమ్మకి చెప్పా. మిద్దె ఆరేసరికి తొమ్మిదవుతుంది. "సరేలేరా" అంది గానీ నమ్మినట్టు లేదు. ఇప్పుడే బయటికెళ్లి చూసొచ్చా. నక్షత్రాలు గుప్పెడు చల్లినట్టున్నాయి, కొబ్బరాకు కదలడం లేదు, బండి సీటు అప్పుడే చెమ్మగా ఉంది.