మీటరు చెప్పిన మాట

మా పెద్దమ్మ వితంతు పెన్షన్ ఆగిపోయినప్పుడే పెన్షన్‌కు అర్హులో కాదో తేల్చే ఆరు అంచెల పరిశీలన గురించి నేను వివరంగా చదివాను. ఆంధ్రప్రదేశ్‌లో పెన్షన్ రావాలంటే పల్లెలో కుటుంబ ఆదాయం నెలకు 10,000, పట్నంలో 12,000 రూపాయలు దాటకూడదు. మాగాణి 3 ఎకరాల లోపు, మెట్ట 10 ఎకరాల లోపు ఉండాలి. కారు ఉండకూడదు, ఆటో, ట్యాక్సీ, ట్రాక్టర్ అయితే పర్లేదు. కరెంటు నెలకు సగటున 300 యూనిట్లు దాటకూడదు.

పెద్దమ్మ ఆగింది ఇక్కడే. కింద ఆవిడ, పైన అద్దెకున్నవాళ్లు, ఇద్దరికీ ఒకటే మీటరు. పైన ఏసీ తిరుగుతుంటే కింద ఆవిడ సంపన్నురాలైపోయింది! "నాకున్నది ఒక ఫ్యాను, ఒక బల్బే కదరా" అని ఒకటే గోల.

ఇవేవీ అసెంబ్లీలో చర్చించి చట్టంలో రాసినవి కావు, శాఖ జీవోల్లో పెట్టినవి. జీవో కాబట్టే మార్చడమూ తేలికే. ప్రభుత్వ ఉద్యోగి ఉన్న ఇంటికి పెన్షన్ లేదన్న చోట పారిశుధ్య కార్మికుల కుటుంబాలకు మినహాయింపు ఇచ్చారు కదా. అద్దె ఇళ్ల సంగతి రాసేటప్పుడు ఎవరికీ తట్టలేదేమో. పల్లెల్లో నలుగురిని అడిగి రాసుంటే మొదటి రోజే ఎవరో ఒకరు చెప్పేవాళ్లు.

అర్జీ పెట్టి, పైవాళ్లకు వేరే మీటరు వేయించాం. డబ్బులు మాత్రం మేమే కట్టాం, అది వేరే కథ. మీ ఇంట్లో ఎవరికైనా పెన్షన్ ఉంటే, వాళ్ల ఆధార్‌కు ఏ కరెంటు సర్వీసు నంబరు లింకై ఉందో ఓసారి మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో అడిగి చూసుకోండి.