గాంధారం గొట్టం వణుకు సగమే తగ్గింది

పిల్లలు కొట్టి వాయించడానికి ఇనుప గొట్టాలతో ఒక వాయిద్యం చేస్తున్నాను. ఈ ఆదివారం కూడా అందులోని గాంధారం (గ) గొట్టం దగ్గరే పొద్దుపోయింది. పొద్దున్న తొమ్మిదింటికి డాబా మీద మొదలెట్టాను. పిల్లలు భోజనాలకి దిగివెళ్లి మళ్లీ పైకొచ్చేశారు, నేను మాత్రం ఆకురాయి పట్టుకుని అక్కడే ఉన్నాను. దాని మోతలో వణుకు తగ్గింది గానీ పోలేదు. అయితే అది ఎందుకొస్తోందో తెలిసింది. మూడు వారాలుగా బుర్ర తినేసిన ప్రశ్న అదే, అందుకే ఈసారి అంతా పూసగుచ్చినట్టు రాస్తున్నాను.

ముందు పిల్లలతో చేసిన మిగతా వాయిద్యాలు. పింగాణీ కప్పుల జలతరంగం బాగా వచ్చింది. స్ట్రా చివర కత్తిరించి ఊదే సన్నాయి ఇంకా బాగా వచ్చింది, వీధంతా మోగిపోయింది. ఇక గొట్టాల సంగతి.

మోహన రాగం, ఆరు గొట్టాలు: స రి గ ప ద, పై స. మోహనంలో ఐదే స్వరాలు కదా, పిల్లలు ఏ గొట్టం తర్వాత ఏది కొట్టినా చెవికి ఇంపుగానే ఉంటుంది. మా విజయనగరం గంటస్తంభం దగ్గర ఇనుము కొట్టులో అంగుళం గొట్టం, 18 గేజిది, ఫర్నిచరు వాళ్లు వాడేది, ఇరవై అడుగుల పొడవు ఒకటి తెచ్చాను. కోసిన కొలతలు ఇవీ: స 53.8, రి 50.8, గ 47.9, ప 44.0, ద 41.5, పై స 38.0 సెంటీమీటర్లు. పై సకి సగం పొడవు చాలదా అని అందరూ అడిగారు. తీగకైతే సగం చాలు. గొట్టం వంగి మోగుతుంది కాబట్టి లెక్క వేరు, పొడవు సగం చేస్తే స్వరం నాలుగు రెట్లవుతుంది. మాటల్లో చెబితే ఎవరూ నమ్మలేదు. 26.9 ముక్క ఒకటి కోసి మోగించాను. పై స దాటి, దాని పైనున్న సలో పలికింది. మా మేనల్లుడు ఆ ముక్కని ఇంటికి పట్టుకుపోయాడు.

ఐదు గొట్టాలు మొదటి రోజే శుభ్రంగా మోగాయి. గ ఒక్కటే మొరాయించింది.

నిజానికి గతో గొడవ కోతలోనే మొదలైంది. టేపు మీద 47.9 బదులు 46.9 దగ్గర గీత పెట్టేశాను. ఒక్క సెంటీమీటరు తేడాకే గాంధారం జారి మధ్యమం పక్కకి వెళ్లిపోయింది. మిగిలిన ముక్కలోంచి రెండో గ కోశాను. అప్పటికి చీకటి పడింది, కరెంటు కూడా పోయింది. టార్చి వెలుగులో సుద్దముక్కతో గీత గీసుకుని తాడు కోసం 4 మిల్లీమీటర్ల కన్నాలు పెట్టాను. ఈ చీకటి సంగతి గుర్తుంచుకోండి, కథంతా దాని మీదే ఉంది.

మర్నాడు కొడితే స్వరం సరిగ్గానే ఉంది, కానీ నిలకడ లేదు. పెరిగి తగ్గి, పెరిగి తగ్గి, వా వా వా అంటోంది. పక్కింటి అమ్మాయి ఫిడేలు నేర్చుకుంటోంది. ఒక్కసారి విని, "ఇదేటి మావయ్యా, గ ఏడుస్తోంది?" అంది. ద్వారం వెంకటస్వామినాయుడు గారు ఫిడేలు నేర్పిన ఊరు మాది. ఈ ఊరి పిల్లల చెవి మీద నాకు నమ్మకం ఎక్కువ. ఫోనులో రికార్డు చేసి పిల్లల చేత లెక్కపెట్టించాను. పది సెకన్లకు 31 వణుకులు. నలుగురు లెక్కపెడితే ముగ్గురికి 31, ఒకరికి 30.

నా మొదటి అనుమానం కన్నాల చోటు. గొట్టం మోగేటప్పుడు రెండు చోట్ల కదలదు. ఒక్కో కొస నుంచి పొడవులో 22.4 శాతం లోపలికి, అంటే గకి 10.7 సెంటీమీటర్ల దగ్గర. పిల్లలకి శాతాలు అక్కర్లేదు, రెండు వేళ్లతో పట్టుకుని కొడుతూ పోతే ఎక్కడ పట్టుకుంటే మోత ఆగిపోదో అదే ఆ చోటు. నా కన్నాలు 10.7, 10.6 దగ్గరున్నాయి. ఒక మిల్లీమీటరు తేడా వణుకు తేదు. తర్వాత తాడు. నైలాన్ తాడు గొట్టానికి తగిలి గిలగిలలాడుతోందేమో అని సైకిల్ ట్యూబు ముక్కల మీద పడుకోబెట్టాను. అదే 31. కోసిన అంచు గరుకు నునుపు చేశాను, 31. ఆ తర్వాత కొట్టే పుల్ల. గట్టిగా కొడితే అసలు స్వరానికి 2.76 రెట్లుండే పై నాదం కూడా లేస్తుంది, అదీ ఇదీ కలిసి గొడవ చేస్తున్నాయేమో అనుకున్నాను. వెదురుపుల్లకి గెంతుడు బంతి గుచ్చి మెత్తగా కొట్టాను. పై నాదం పోయింది, వణుకు ఉంది. అయినా అంత దూరంలో ఉన్న నాదంతో సెకనుకి మూడుసార్లు వణుకు రాదు. ఇలా వణకాలంటే రెండు స్వరాలు పక్కపక్కనే, మూడే హెర్ట్జుల (సెకనుకి మూడు కంపనాల) తేడాలో ఉండాలి. ఒక్క గొట్టంలో రెండు స్వరాలు ఎలా ఉంటాయి?

మోతలో ఏయే స్వరాలున్నాయో గ్రాఫుగా చూపించే ఫైఫాక్స్ యాప్ ఫోనులో పెట్టి చూశాను. జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లు చేసింది, ఉచితం. పిల్లలతో పని చేసేవాళ్ల ఫోనులో ఇది లేకపోతే లోటే అంటాను. మొదట ఒకటే శిఖరం కనబడింది. శాంపిళ్ల సంఖ్య బాగా పెంచి, అంటే మోతని ఎక్కువసేపు విననిచ్చి, మళ్లీ చూస్తే ఆ శిఖరం రెండుగా చీలింది: 656 హెర్ట్జుల దగ్గర ఒకటి, 659 దగ్గర ఒకటి. నా ఒంటి మీద రోమాలు లేచాయి. మూడు తేడా, మూడు వణుకులు.

రెండు స్వరాలు కలిస్తే వణుకెందుకో పిల్లలకి దువ్వెనలతో చూపించాను. పళ్ల సైజు కొంచెం తేడాగా ఉన్న రెండు దువ్వెనలు ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకి పట్టుకుంటే, పళ్లూ పళ్లూ కలిసిన చోట వెలుతురు, పన్ను సందుకి అడ్డుపడిన చోట చీకటి, చారలు చారలుగా కనిపిస్తాయి. ఒక దువ్వెనని కొంచెం జరిపితే చారలు గబగబా పరుగెడతాయి. "వెలుతురు చార దగ్గర గట్టిగా వినిపిస్తది, చీకటి చార దగ్గర సన్నగా, అంతేగా?" అన్నాడు మేనల్లుడు. నేను చెప్పాల్సింది వాడే చెప్పేశాడు. విస్పందనాలు అనే మాట ఆ తర్వాత చెప్పాను. నిర్వచనం ముందు రాయించి వస్తువు తర్వాత చూపించే పద్ధతి నాకు ఎప్పుడూ నచ్చలేదు. మాట మోయడానికి లోపల ఏదో ఒకటి ఉండాలి కదా.

అసలు గుట్టు విప్పిందీ వాడే. గొట్టాన్ని వేళ్లతో పట్టుకుని ఊరికే తిప్పుతూ కొడుతున్నాడు. ఉన్నట్టుండి వణుకు ఆగింది. ఇంకొంచెం తిప్పాడు, మళ్లీ వచ్చింది. సుద్దముక్క తెచ్చి ఆగిన ప్రతిచోటా గీత పెట్టాం. గొట్టం చుట్టూ నాలుగు గీతలొచ్చాయి, పావు వంతుకొకటి. గీతల మధ్యలో కొడితే వణుకు మహా జోరుగా ఉంది.

కొస లోపలికి టార్చి వేసి చూశాను. ఈ గొట్టాలు రేకుని చుట్టి అతికినవి. బయట నునుపుగా ఉన్నా లోపల అతుకు గీత వేలికి తెలుస్తుంది. మా సుద్దగీతల్లో ఒకటి సరిగ్గా ఆ అతుకు మీద కాదు గానీ దానికి 3 మిల్లీమీటర్ల పక్కన పడింది. వెర్నియర్ పెట్టి వ్యాసం మిల్లీమీటర్లలో కొలిచాను. అతుకు దిశలో 25.10, దానికి అడ్డంగా 24.96. గొట్టం పూర్తి గుండ్రం కాదు! అతుకు వైపుకి వంగడం కష్టం, అడ్డంగా వంగడం కొంచెం సులువు. కష్టమైన వైపు స్వరం ఎక్కువ, సులువైన వైపు తక్కువ. అటో ఇటో తిన్నగా కొడితే ఒకటే మోగుతుంది, ఐమూలగా కొడితే రెండూ మోగుతాయి.

మరి మిగతా ఐదూ అదే గొట్టంలోంచి కోసినవే, అవెందుకు వణకలేదు? పగటిపూట కన్నాలు పెట్టినప్పుడు తిన్నగా రావాలని అతుకు గీతనే ఆసరా చేసుకున్నాను. కాబట్టి వాటి అతుకు పక్కకి తిరిగి ఉంది, పైనుంచి కొడితే ఒక్క స్వరమే. చీకట్లో సుద్దగీత మీద పెట్టిన గ కన్నాలు అతుక్కి 45 డిగ్రీలు తప్పాయి. ఐదింటినీ తిప్పి ఐమూలగా కొట్టి చూశాం. అన్నీ వణికాయి, కానీ నెమ్మదిగా. స గొట్టం పది సెకన్లకు 9 మాత్రమే. గకి 31, సకి 9 ఎందుకో అప్పుడు తట్టలేదు.

ఇక ఈరోజు చేసిన వైద్యం. కష్టంగా వంగే వైపు లోహం కాస్త తీస్తే ఆ స్వరం దిగి రెండోదానితో కలవాలి. గొట్టం నడిమధ్యన 6 సెంటీమీటర్ల మేర, అతుకు మీదా దానికి ఎదురువైపూ సన్న ఆకురాయితో రాశాను. నలభై రాపిడులకొకసారి లెక్క. 31 కాస్తా 22 అయింది. తర్వాత 14. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత 14, మళ్లీ 15. ఎంత రాసినా 14 దిగి రాలేదు. రేకు మందం 1.2 మిల్లీమీటర్లే కాబట్టి భయమేసి ఆపేశాను. స్వరం కూడా రెండు హెర్ట్జులు దిగింది. కొస ఒక మిల్లీమీటరు రాసి ఎక్కించుకున్నాను (ఈ పొడవుకి మిల్లీమీటరుకి సుమారు 2.7 హెర్ట్జులు).

ఇప్పుడు పైనుంచి తిన్నగా కొడితే వణుకు దాదాపు తెలియదు. పక్కనుంచి ఐమూలగా కొడితే బాగా తెలుస్తుంది. చిన్నపిల్లలు నేల మీద కూర్చుని పక్కనుంచే కొడతారు. వాళ్ల కోసం చేసిందే కాబట్టి పని అయిపోయిందని అనుకోలేను.

సాయంత్రం రామాలయానికి వెళ్తే పక్కింటి అమ్మాయి గంట కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, "మావయ్యా, ఇది కూడా!" అని అరిచింది. నిజమే. గంట మోత చివర్లో ఊగుతూ ఊగుతూ పోతుందే, అదీ ఇదే కారణం. పోతపోసిన గంట ఎక్కడా పూర్తి గుండ్రంగా ఉండదు, ఒక్కో మోతా రెండు దగ్గరి స్వరాలుగా చీలుతుంది. గంట చుట్టూ వేరే వేరే చోట్ల వేలి గణుపుతో కొట్టి చూస్తే కొన్నిచోట్ల ఊపు తక్కువ. పూజారి గారు ఓపిగ్గా చూస్తూ నిలబడ్డారు, పాపం. తంబురా శ్రుతి చేసేవాళ్లు నడిమి రెండు తీగల మధ్య ఈ ఊపునే వింటూ, అది నెమ్మదించి ఆగేదాకా బిరడా తిప్పుతారు. అమ్మాయికి ఆ పని ఇప్పుడు లోపలి నుంచి అర్థమైంది. నా మూడు వారాలూ దీనికే పెట్టినా నాకు సంతోషమే.

పనిముట్ల గురించి రెండు ముక్కలు. గొట్టం కట్టర్ వాడొద్దు, అంచుని లోపలికి నొక్కేస్తుంది. హాక్సాకి బైమెటల్ బ్లేడు వేసుకోండి. బజారు బొమ్మ సైలోఫోన్లలో కొన్నిటికి పలకల్ని కొసల్లోనే మేకుతో బిగించేస్తారు, అందుకే టక్కుమని చచ్చిపోతాయి. పావు వంతు కంటే కొంచెం తక్కువ లోపలికి ఆనించి, వదులుగా ఉంచితే అదే రేకు పాడుతుంది.

ఇది రాస్తుండగా ఆ 14 సంగతి తట్టింది. కన్నాలు! కన్నం పెట్టిన దిశలో కూడా గొట్టం బలం తగ్గుతుంది. గకి ఆ బలహీనత అతుక్కి 45 డిగ్రీల దిశలో ఉంది. నేనేమో అతుకు దిశలోనే రాస్తున్నాను. ఐమూల లోపాన్ని తిన్నని రాపిడి ఎంత చేసినా తీయలేదు. సుద్దగీత అతుకు మీద పడక 3 మిల్లీమీటర్లు పక్కకి పోవడానికీ ఇదే కారణం అయ్యుండాలి. మిగతా ఐదింటిలో కన్నాలు అతుకు మీదే ఉన్నాయి కాబట్టి బలంగా ఉన్న వైపునే కాస్త తగ్గించాయి, అందుకే 9. అన్నీ ఒకే తాటి మీదికొస్తున్నాయి.

కాబట్టి వచ్చే ఆదివారం ఇదీ పని. గ గొట్టానికి ఉన్న కన్నాలకి సరిగ్గా అడ్డంగా, అదే 10.7 దగ్గర, ఇంకో జత ఉత్త కన్నాలు పెడతాను. తాడు దూర్చడానికి కాదు, బలం రెండువైపులా సమానం చేయడానికి. ముందు 3 మిల్లీమీటర్ల బిట్టుతో పెట్టి లెక్కపెట్టాలి, తర్వాతే 4కి పెంచాలి. కన్నం పెట్టిన ప్రతిసారీ లెక్క పిల్లలదే.

దసరా వెళ్లి, మా ఊరి పైడితల్లమ్మ సిరిమాను సంబరం అయ్యాక పిల్లల్ని బొబ్బిలి దగ్గర గొల్లపల్లి తీసుకెళ్లాలని ఉంది. అక్కడ పనస చెక్కని తొలిచి వీణ చేస్తారు, 24 మెట్లనీ మైనం మీద కూర్చోబెడతారు. వేడిచేసి మెట్టుని వెంట్రుకవాసి జరిపే ఆ చేతుల్ని పిల్లలు దగ్గరగా చూడాలి. ఈలోగా 3 మిల్లీమీటర్ల బిట్టు ఒకటి కొనాలి, నా దగ్గరున్నది మొండిబారింది.