అమ్మ చెవిలో కీచురాళ్లు

గత ఏడాది చిత్తూరులో మా ఇంటికి దగ్గరలోని ఒక నర్సింగ్ హోమ్‌లో అమ్మకు అమికాసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. అమ్మకు 64 ఏళ్లు, చక్కెర వ్యాధి ఉంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ వస్తుంటే కల్చర్ పరీక్ష చేయించాం. చాలా మందులకు లొంగని క్రిమి అని తేలింది. లొంగే కొద్ది మందుల్లో అమికాసిన్ ఒకటి. అందుకే మందు ఎంపికలో తప్పు లేదని ఇప్పటికీ నమ్ముతాను.

రోజుకు ఒకసారి 750 మిల్లీగ్రాములు, ఏడు రోజులు అని చీటీలో రాశారు. ఈ మందును బరువును బట్టి ఇస్తారు. సాధారణంగా రోజుకు కిలోకు 15 మిల్లీగ్రాములు. కిడ్నీలు సరిగా పనిచేయకపోతే ఆ లెక్క కూడా మారుతుంది. అమ్మను ఎవరూ తూచలేదు. తూచి ఉంటే 44 కిలోలని తెలిసేది. కిడ్నీల పని తగ్గితే రక్తంలో పెరిగే క్రియాటినిన్ ఎంతుందో చూడలేదు. మోకాళ్ల నొప్పికి రోజూ వేసుకునే డైక్లోఫెనాక్ గురించి, కాళ్ల వాపుకు వాడే ఫ్రూసెమైడ్ గురించి వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. ఈ ఇంజెక్షన్ వల్ల కిడ్నీకి కలిగే ముప్పును మొదటిది, చెవికి కలిగే ముప్పును రెండోది పెంచగలవని నాకు అప్పుడు తెలియదు.

నాలుగో రోజు సాయంత్రం అమ్మ, "వాన కూడా లేదు కదా, ఈ కీచురాళ్ల రొద ఏమిటే?" అంది. బయట అంతా నిశ్శబ్దంగా ఉంది. రాత్రి చీకట్లో బాత్రూముకు లేచి, తూలి గోడ పట్టుకుంది. నీరసం అనుకున్నాను. మర్నాడు సిస్టర్ మందు సిరంజిలోకి తీస్తుండగా మాటల మధ్య ఆ సంగతి చెప్పాను. ఆమె సిరంజి పక్కన పెట్టి, వెంటనే డాక్టరుగారికి ఫోను చేసింది. ఆ సిస్టర్‌కు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ఆ రోజు క్రియాటినిన్ 1.8 వచ్చింది. ఇంట్లో ఉన్న రెండు నెలల కిందటి రిపోర్టులో 0.9 ఉంది. అమికాసిన్ ఆపి వేరే మందు ఇచ్చారు, నొప్పి మాత్రలు మాన్పించారు. మూడు వారాలకు 1.1కి దిగింది. కిడ్నీ చాలావరకు ఇలా కోలుకుంటుంది. చెవి సంగతి వేరు. లోపలి చెవిలో శబ్దాన్ని అందుకునే సన్నని రోమకణాలు ఒకసారి చనిపోతే మళ్లీ పుట్టవు.

వినికిడి పరీక్షకు తిరుపతి వెళ్లాం. చంద్రగిరి దాటేదాకా అమ్మ బస్సు కిటికీకి తల ఆనించి, కుడి చెవిని అరచేత్తో మూస్తూ తెరుస్తూ కూర్చుంది. పరీక్షలో 4,000 హెర్ట్‌జ్ దాటాక వినికిడి గీత కిందికి జారింది. ఈ మందుల వల్ల వినికిడి తగ్గడం సాధారణంగా ఇలా కీచుగా ఉండే పై స్థాయి శబ్దాలతోనే మొదలవుతుందట, మాటలు బాగానే వినిపిస్తాయి కాబట్టి ఇంట్లోవాళ్లు గమనించలేరట. "వయసు వల్ల కూడా ఇలాగే తగ్గుతుందమ్మా. ఇంజెక్షన్లకు ముందు ఒక పరీక్ష చేసి ఉంటే తేడా చెప్పగలిగేవాణ్ని" అన్నారు చెవి డాక్టరుగారు. అరగంట కూడా పట్టని పరీక్ష అది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు.

తరువాత ఆయన, మీ పుట్టింటి వైపు ఇంజెక్షన్ల తరువాత వినికిడి పోయినవాళ్లు ఉన్నారా అని అమ్మను అడిగారు. "మా అక్కకు చిన్నప్పుడు క్షయకు స్ట్రెప్టోమైసిన్ సూదులు వేశారు. ఆ తరువాతే చెవుడు వచ్చింది" అంది అమ్మ. పెద్దమ్మకు పుట్టుచెవుడు అనుకుంటూ పెరిగాను నేను! డాక్టరుగారు రాయడం ఆపి తలెత్తారు. కొన్ని కుటుంబాల్లో తల్లి నుంచి బిడ్డలందరికీ సంక్రమించే ఒక జన్యు మార్పు ఉంటుందని, అది ఉన్నవారికి అమికాసిన్, స్ట్రెప్టోమైసిన్ కోవ మందులు సరైన మోతాదులో ఇచ్చినా వినికిడి పోవచ్చని వివరించారు. కొడుకులకూ వస్తుంది కానీ వారి నుంచి ముందుకు పోదు. కూతుళ్ల నుంచి వాళ్ల పిల్లలకు పోతుంది.

నాకు ఒక కూతురు ఉంది. రక్తపరీక్షకు నమూనా ఇచ్చాం, ఫలితం ఇంకా రాలేదు. ఈలోగా మా అమ్మాయి ఆసుపత్రి ఫైలు మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాసి పెట్టాను: ఈ కోవ మందులైన జెంటామైసిన్, అమికాసిన్, స్ట్రెప్టోమైసిన్, టోబ్రామైసిన్ ఇచ్చే ముందు అమ్మమ్మ సంగతి, పెద్దమ్మమ్మ సంగతి డాక్టరుకు చెప్పాలి. బెంగళూరులో ఉన్న తమ్ముడికి కూడా అదే పేజీ ఫోటో తీసి పంపాను.