హంపి ఎండలో కొత్త చెప్పులు

ఏప్రిల్ ఆఖర్లో హంపి వెళ్లాం, నేనూ అమ్మా. బెజవాడలో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కడం, పొద్దున హోస్పేటలో దిగడం అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నా. నాకు చెప్పాలని ఉన్నది చెప్పుల సంగతి. బయల్దేరడానికి రెండు రోజుల ముందు, పొద్దున్నే ఏసీ షాపుకి వెళ్లి పదకొండు వందలు పెట్టి కొత్త శాండిల్స్ కొన్నా. చూడ్డానికి తోలులాగే ఉన్నాయి గానీ రెక్జిన్. షాపులో నాలుగడుగులు వేస్తే ఎంత హాయిగా అనిపించాయో!

హంపి బజారు నుంచి విఠల గుడికి తుంగభద్ర ఒడ్డున నడక దారి రెండు కిలోమీటర్లు ఉంటుంది. వెళ్లేటప్పుడు బాగానే ఉంది. రాతిరథం దగ్గర, అదే యాభై రూపాయల నోటు మీద ఉండేది, చాలాసేపు ఉండిపోయి తిరుగుముఖం పట్టేసరికి పదకొండు దాటింది. ఎండకి కాళ్లు ఉబ్బాయి, పట్టీలు బిగుసుకుపోయాయి, రెక్జిన్‌కి గాలి ఆడదు కదా, లోపలంతా చెమటతో జిగట. రాజుల తులాభారం స్తంభాలు దాటకముందే చెప్పు కరిచింది. కుడి మడమ మీద బొబ్బ లేచి, చితికి, ఒకటే మంట. విప్పి చేత్తో పట్టుకుని నడుద్దామంటే బండలు పెనంలా కాలుతున్నాయి. వెనక పట్టీని మడమ కింద తొక్కిపట్టి ఈడ్చుకుంటూ నడిచా. బజారు దగ్గర హోస్పేటకి ఆటో అడిగితే అయిదు వందలన్నాడు, ఉన్నదే పదమూడు కిలోమీటర్లు!

అమ్మకి ఏ ఇబ్బందీ లేదు. ఆవిడవి మూడేళ్లుగా వాడుతున్న తోలు చెప్పులు, పాదం ఆకారానికి సాగిపోయి ఉన్నాయి. విరూపాక్ష గుడి దగ్గర అవి వదిలేసి, సంచిలోంచి నూలు సాక్సులు తీసి తొడుక్కుంది. తిరుమల మాడవీధుల్లో అయితే ఎండాకాలం తెల్ల కూల్ పెయింట్ వేస్తారు, ఇక్కడ ఎలా ఉంటుందో అని ఇంటి దగ్గరే సర్దుకుందట. నాకో మాట చెప్పొచ్చు కదా అని కోపం వచ్చింది. "మీ తాతయ్య కిర్రు చెప్పులు కుట్టించుకుంటే వారం రోజులు ఆముదం పట్టించి గానీ కాలికి వేసేవాడు కాదు, నువ్వేమో కొన్నవి కొన్నట్టే వేసుకొచ్చావు" అంది.

సాయంత్రం హోస్పేట బస్టాండు బయట చెప్పులు కుట్టే పెద్దాయన దొరికాడు. నా మడమ చూసి, బళ్లారి తెలుగులో, "పొద్దున పూట కొన్నావేమప్పా?" అన్నాడు. అవునన్నా. "ఎండాకాలం చెప్పులు మైటాల (అంటే సాయంత్రం పూట) కొనాల. అప్పటికి కాలు ఉబ్బి ఉంటాది, సరైన కొలత తెలుస్తాది." ఇంత చిన్న సంగతి, అంత పెద్ద షాపులో ఒక్కరూ చెప్పలేదు! ఆయన వెనక పట్టీ కుట్టు విప్పాడు. గరుకుగా ఉన్న లోపలి అంచుని కత్తితో చెక్కి, మెత్తటి తోలు ముక్క అతికించి, దారం ముడి కాలికి తగలకుండా బయటివైపు పడేలా కుట్టాడు. పట్టీకి ఇంకో బెజ్జం కొట్టి, మధ్యాహ్నం దాటాక ఒక బెజ్జం వదులు చేసుకోమన్నాడు. అరగంట పని, అడిగింది నలభై. యాభై నోటిస్తే డబ్బాలో వెతికి మరీ పది తిరిగిచ్చాడు.

మర్నాడు బొబ్బ మీద గుడ్డ పట్టీ వేసుకుని, అవే శాండిల్స్‌తో లోటస్ మహల్, ఏనుగుల కొట్టాలు అన్నీ తిరిగా. పన్నెండింటికి బెజ్జం మార్చా.