బాగుందంటే ఎంత?

నేను చదివిన ఐటీఐ వర్క్‌షాపులో మోటారు మెకానిక్ సెక్షన్ గోడ పక్కన ఒక పొడుగాటి బల్ల ఉండేది. దాని మీద సగానికి కోసి పెట్టిన ఇంజిన్. నేను 1984లో చేరినప్పటి నుంచి బయటికి వచ్చేదాకా మా ఇన్‌స్ట్రక్టర్ సారు చెప్పిన పాఠాల్లో ముప్పాతిక భాగం ఆ బల్ల దగ్గరే జరిగింది. వాల్వు క్లియరెన్స్, అంటే వాల్వు దగ్గర ఉండాల్సిన సందు, పెట్టి "బాగుంది సార్" అంటే ఆయనకు చాలేది కాదు. "బాగుందంటే ఎంతరా?" అనేవారు. సందు కొలిచే ఫీలర్ గేజ్ ఆకు దూర్చి అంకె చదివి చెప్పేదాకా అక్కడి నుంచి కదిలేవారు కాదు. బస్సు టైమ్ అయిపోతోందని మాకు లోపల టెన్షన్. ఆ ప్రశ్న ఎందుకు అడిగేవారో నాకు తెలిసొచ్చింది 1990లో, మా బావ జీపు దగ్గర.

మా బావది రాయచోటి పక్కన పల్లె. శెనిక్కాయల వ్యాపారం. ఒక ప్రభుత్వ శాఖ వేలంలో పాత మహీంద్రా పెట్రోలు జీపు పాడుకున్నాడు. బాడీ గట్టిది, ఛాసిస్‌కు తుప్పు లేదు. కానీ లీటరుకు ఏడు కిలోమీటర్లు దాటేది కాదు, ఘాట్ ఎక్కితే అదీ లేదు. అప్పట్లో డీజిల్ ధర పెట్రోలు ధరలో సగానికి అటూ ఇటూగా ఉండేది. నెలకు రెండు మూడుసార్లు కడప మార్కెట్టుకు తిరిగే మనిషికి ఆ తేడా చిన్నది కాదు. "ఏం బామ్మర్దీ, ఐటీఐ చదివితివి గదా, దీనికి డీజిల్ ఇంజిన్ ఎక్కించలేవా?" అని అడిగాడు. నేను కడపలో ఒక షెడ్డులో పనిచేస్తున్నాను. వయసు ఇరవై మూడు. ఎక్కిస్తానన్నాను.

వెనక నుంచి లారీ గుద్దిన కొత్త జీపు ఒకటి తుక్కు కింద అమ్మకానికి వచ్చింది. దాని ఇంజిన్‌కు దెబ్బ తగల్లేదు. ఫ్రెంచి కంపెనీ పూజో లైసెన్సుతో మహీంద్రా తయారు చేసిన ఎక్స్‌డీపీ 4.90 డీజిల్ ఇంజిన్, నాలుగు సిలిండర్లు, 2112 సీసీ. మా జీపులో ఉన్న పాత హరికేన్ పెట్రోలు ఇంజిన్ 2199 సీసీ. అంకెలు దగ్గర దగ్గరగా ఉన్నాయి కదా, ఒకటి దించి ఇంకొకటి ఎక్కిస్తే అయిపోతుందనుకున్నాను.

దించడం ఒక పూటలో అయిపోయింది. ఎక్కించడానికి నెల పట్టింది. పెట్రోలు ఇంజిన్‌లో గాలి, పెట్రోలు కలిపి నొక్కేది సుమారు ఏడో వంతుకు. డీజిల్‌లో ఒట్టి గాలినే ఇరవయ్యో వంతు కన్నా చిన్నగా నొక్కుతుంది. ఆ వేడికే డీజిల్ మండుతుంది కాబట్టి ప్లగ్గులు, కాయిల్, డిస్ట్రిబ్యూటర్, కార్బురేటర్ ఏవీ అక్కర్లేదు. అన్నీ తీసి ఒక గోనెసంచిలో వేశాను. వాటి బదులు డీజిల్‌ను ఒత్తిడితో తోసే ఎఫ్ఐ పంపు, దాన్ని సిలిండర్లలోకి చిమ్మే నాజిళ్లు, స్టార్టింగ్‌కు ముందు వేడి చేసే హీటర్ ప్లగ్గులు వచ్చాయి. అంత కంప్రెషన్‌ను, అంటే ఆ నొక్కుడును, ఎదిరించి ఇంజిన్ తిప్పాలంటే పాత చిన్న బ్యాటరీ సరిపోదు, పెద్దది పెట్టాలి. పెద్దది పెట్టాలంటే దాని ట్రే మార్చాలి. దాన్ని ఛార్జ్ చేయడానికి డైనమో చాలదు, ఆల్టర్నేటర్ కావాలి. బరువు పెరిగి జీపు ముందుకు వంగింది. ముందు కమాన్‌కు (స్ప్రింగు పట్టీల కట్టకు) ఒక పట్టీ ఎక్కువ వేయించాం. ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే సంపు ముందు యాక్సిల్‌కు తగలకుండా ఇంజిన్ మౌంటింగులు కోసి మళ్లీ వెల్డింగ్ చేయించాం. రేడియేటరు హోసులు కూడా కలవలేదు. ఒకటి సర్దితే ఇంకొకటి బయటపడేది.

ట్యాంకు విషయం మటుకు ఈ పని నేర్చుకునే తమ్ముళ్లకు గట్టిగా చెప్పాలి. నాజిళ్ల దగ్గర మిగిలిన డీజిల్ తిరిగి ట్యాంకులోకి రావాలి కాబట్టి రిటర్న్ లైనుకు కొత్త పైపు అతికించాల్సి వచ్చింది. ఖాళీ పెట్రోలు ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం. లోపల మిగిలిన ఆవిరికి మంట తగిలితే బాంబు లెక్క పేలుతుంది. ఈ సంగతి సారు మాకు మొదటి సంవత్సరంలోనే చెప్పారు. నాలుగుసార్లు కడిగి, అతికే చోటికి కొంచెం కింది దాకా నీళ్లు నింపి, మూత తీసిపెట్టి, అప్పుడు గ్యాస్ వెల్డింగ్ మనిషిని దగ్గరికి రానిచ్చాను. ఆ తర్వాత రెండు రోజులు ఎండలో ఆరబెట్టాం. నీటి చుక్క మిగిలినా, పెట్రోలు మిగిలినా పంపు పాడవుతుంది. ఆ పంపు లోపలి భాగాలకు డీజిలే గ్రీజూ ఆయిలూ.

ఇంత జాగ్రత్త పడినవాణ్ని అసలైన చోట తప్పు చేశాను. కొత్త ఇంజిన్ బోల్టుల వరస, పాత గేరుబాక్సును ఇంజిన్‌కు కలిపే గంట ఆకారపు పెట్టె, అంటే బెల్ హౌసింగ్, బోల్టుల వరస కలవవు. మధ్యలో ఒక ఇనుప ప్లేటు రావాలి. ఇంజిన్ వెనకవైపు కాగితం పెట్టి అచ్చు తీశాను, హౌసింగ్‌కూ అలాగే తీశాను. రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి కంటితో సరిచూసుకుని లేత్ మేస్త్రీకి ఇచ్చాను. ప్లేటు మందం వల్ల గేరుబాక్సు షాఫ్టు వెనక్కి పోయింది కాబట్టి ఇంజిన్ వెనక తిరిగే ఫ్లైవీల్ నడుమ ఆ షాఫ్టు కొసను పట్టుకునే ఇత్తడి గొట్టం, పైలట్ బుష్, పొడుగుది చేయించాను. బోల్టులన్నీ చక్కగా పట్టాయి. డీజిల్ పైపుల్లో ఎయిర్ తీసి, హీటర్ వేసి, సెల్ఫ్ కొడితే రెండో పట్టుకు స్టార్ట్ అయింది. మా బావ కళ్లలో నీళ్లు. తాళం చెవి తీసి జేబులో వేసుకున్నాడు, ఇంజిన్ మటుకు ఆగలేదు. హడలిపోయి నా వైపు చూశాడు. నిప్పురవ్వతో నడిచే ఇంజిన్ కాదు కదా, తాళం తీస్తే ఆగడానికి. పంపుకు డీజిల్ ఆపే తీగ ఒకటి డ్యాష్‌బోర్డు కింద పెట్టాను, అది లాగాలని చూపించాను.

నెల తిరక్కముందే క్లచ్ తొక్కినప్పుడల్లా కీచుమని శబ్దం మొదలైంది. తర్వాత రెండో గేరు దానంతటదే బయటికి రావడం. గేరుబాక్సు దించి చూస్తే పైలట్ బుష్ అరిగి, ఇత్తడి పొడి క్లచ్ ప్లేటు మీద పసుపు చల్లినట్టు పడి ఉంది. కొత్త బుష్ వేశాను. అదీ అంతే అయింది. అప్పుడు సారు దగ్గరికి వెళ్లాను. మొత్తం విని ఒక్క మాట అడిగారు. "సెంటర్ ఎంతుంది?" అంటే ఇంజిన్ నడిమధ్యకూ గేరుబాక్సు నడిమధ్యకూ తేడా ఎంత అని. నా దగ్గర జవాబు లేదు.

ఆ ఆదివారం పొద్దున్నే సారు సైకిలు మీద షెడ్డుకు వచ్చారు. క్యారియర్‌కు కట్టిన చెక్క పెట్టెలో, పాత చేతిరుమాల్లో చుట్టిన డయల్ గేజ్, చిన్న తేడాను కూడా సూదితో చూపించే కొలత పరికరం. ఆయన సొంతది. ముందు హీటర్ ప్లగ్గులు నాలుగూ విప్పించారు, కంప్రెషన్ పోతే ఇంజిన్ చేత్తో తిరుగుతుందని. గేజ్ స్టాండు ఫ్లైవీల్‌కు బిగించి, దాని మొనను బెల్ హౌసింగ్ రంధ్రం లోపలి అంచుకు ఆనించారు. నన్ను ముందు నుంచి పుల్లీ తిప్పమని, ఆయన మోకాళ్ల మీద కూర్చుని సూది చూస్తున్నారు. పైన సున్నా. కుడివైపుకు వచ్చేసరికి కదిలింది. కిందికి వచ్చేసరికి 24 గీతలు. ఒక్కో గీత ఒక థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతు. "చూపించింది 24 అంటే సెంటరు తప్పింది 12" అన్నారు. కాగితం మీద నా కంటికి రెండు వలయాలూ ఒకటే.

ఆయన తిట్టలేదు. ప్లేటు బోల్టు రంధ్రాలు కొద్దిగా పెద్దవి చేయించారు. వదులుగా బిగించి, రాగి సుత్తితో చిన్న దెబ్బ, పుల్లీ ఒక చుట్టు, మళ్లీ దెబ్బ, మళ్లీ చుట్టు. మధ్యాహ్నం అన్నానికి కూడా లేవలేదు. మూడు గంటలప్పుడు సూది మొత్తం చుట్టులో మూడు గీతలు కదిలింది. అప్పుడు బోల్టులు బిగించి, ఆ స్థానం ఇక చెదరకుండా ఎదురెదురుగా రెండు రంధ్రాలు తొలిచి, రీమర్‌తో నున్నగా సైజుకు తెచ్చి, కదలకుండా పట్టే డోవెల్ పిన్నులు కొట్టారు. చేతులు కడుక్కుంటూ మా బావతో, డీజిల్ ఇంజిన్‌ను 1900లో పారిస్ ప్రదర్శనలో శెనిక్కాయల నూనెతో నడిపించి చూపించారని చెప్పారు. శెనిక్కాయల మీదే బతికే మా బావ ఆ ముక్క తర్వాత ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. డబ్బులు ఇవ్వబోతే సారు సైకిలెక్కి వెళ్లిపోయారు.

తర్వాతి వారం బస్తాలు వేసుకుని కడప నుంచి గువ్వలచెరువు ఘాట్ మీదుగా రాయచోటికి బయలుదేరాం. డీజిల్ అంటే బలం ఎక్కువని అందరూ అనుకుంటారు. మా జీపు విషయంలో అది నిజం కాదు. పాత ఇంజిన్ 70 హార్స్‌పవర్‌కు పైన, ఇది 60కి కాస్త పైన. మలుపుల్లో రెండో గేరులోనే ఎక్కాం. మా బావకు దాంతో పేచీ లేదు. క్లచ్ మెత్తగా ఉంది, శబ్దం లేదు, నాకదే చాలు. సగం ఎక్కాక వాన పట్టుకుంది. వైపరు స్విచ్ తిప్పితే కదల్లేదు. ఆ పాత జీపు వైపరుకు మోటారు లేదు, పెట్రోలు ఇంజిన్ గాలి పీల్చుకునే లాగుడుతోనే అది ఆడేది. మా డీజిల్‌కు గాలి దారిలో అడ్డు లేదు కాబట్టి ఆ లాగుడు రాదు. అంత పని చేసి ఆ ఒక్కటి మరిచిపోయాను. మా బావ పక్క నుంచి తువ్వాలుతో అద్దం తుడుస్తుంటే గువ్వలచెరువు చేరి, పాలకోవా తింటూ వాన తగ్గేదాకా కూర్చున్నాం. మరుసటి రోజే కరెంటు వైపరు మోటారు పెట్టాను.

కాగితాలు కూడా సరిచేయించాం. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఇంజిన్ మారిస్తే బండి రిజిస్ట్రేషన్ కాగితంలో, అంటే ఆర్‌సీలో, ఎక్కించుకోవాలి. కొత్త ఇంజిన్ నంబరు, ఇంధనం డీజిల్ అని రాయించాకే ఇన్సూరెన్సు మార్పించాం. అది వదిలేసి, యాక్సిడెంట్ అయ్యాక లబోదిబోమన్నవాళ్లను చూశాను.

ఆ జీపు లీటరుకు పన్నెండు పైన ఇచ్చింది. 1998లో క్లచ్ ప్లేటు మామూలుగా అరిగి మార్చాల్సి వచ్చినప్పుడు గేరుబాక్సు నేనే దించాను. ఎనిమిదేళ్లు తిరిగిన బుష్. తుడిచి, లోపల నాలుగు చోట్ల కొలిచి, బీడీ కట్ట కాగితం వెనక రాసుకున్నాను. సాయంత్రం సారు ఇంటికి వెళ్లాను. అప్పటికి ఆయన రిటైరయ్యారు, చూపు తగ్గింది. వరండాలో కుర్చీ వేయించారు. ఆ జీపు క్లచ్ పని చేశాను సార్, మనం పెట్టిన బుష్ చూశాను అన్నాను.

"ఎట్లుంది?"

కాగితం తీశాను. "పైన రెండు థౌ, కింద రెండు, కుడి మూడు, ఎడమ రెండు సార్."

ఆయన చెయ్యి చాపి ఆ కాగితం తీసుకుని, కళ్లజోడు పైకి జరిపి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదువుకున్నారు.