ఆరు కిటికీలు, మూడు కొటేషన్లు

కిటికీల సంగతి ఈ రోజుతో తేల్చెయ్యాలని, వచ్చిన మూడు కొటేషన్లనూ భోజనాల బల్ల మీద పక్కపక్కన పరచుకుని కూర్చున్నాను. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటినప్పుడు, అమలాపురానికి దగ్గర్లో ఉన్న మా ఊళ్ళో తూర్పు గాలితో కలిసి వచ్చిన జల్లు, గడియ పెట్టిన రెక్కల సందుల్లోంచే లోపలికి కొట్టి పరుపులనూ, పుస్తకాల బీరువానూ తడిపేసింది. ఇవి 1996 నవంబరు 6 నాటి తుపానులో పాత పెంకుటిల్లు పోయాక మా మామగారు కట్టించిన డాబాకు పెట్టిన కిటికీలు. కోనసీమలో ఇళ్ళు పోయినవాళ్ళందరూ ఒకేసారి కట్టుకుంటున్న ఆ రోజుల్లో దొరికిన కలపతోనే ఆయన పని కానిచ్చారు. చట్రాలు వేప, రెక్కలు మామిడి. ఆ రెక్కలు వానాకాలంలో ఉబ్బి పట్టేస్తాయి, వేసవిలో ఎండి సందులు విడుస్తాయి. చట్రాల అడుగు చెక్కలను చాలాచోట్ల చెదలు తినేశాయి.

మొత్తం ఏడు కిటికీలలో ఉత్తరపు వరండా వైపున్నది ఇంకా గట్టిగానే ఉంది. మిగిలిన ఆరూ నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పువి, అంటే 96 చదరపు అడుగులు. అమలాపురం కాంట్రాక్టరు యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన, పక్కకు జరిగే స్లైడింగ్ కిటికీలకు అడుగుకు 560 రూపాయలు రాశాడు. రాజమహేంద్రవరం నుంచి వచ్చినతను అదే యూపీవీసీతో బయటికి తెరుచుకునే రెక్కల కిటికీలకు 840 అన్నాడు. మొదటిది 53,760, రెండోది 80,640. మా వడ్రంగి మేస్త్రి టేకుతో చేస్తే లక్ష దాటుతుందని ముందే చెప్పేశాడు. మావారు మొదటి కాగితం మీద వేలు పెట్టి, ఇరవై ఆరు వేల పైచిలుకు తేడా ఉన్నప్పుడు ఇంక ఆలోచించేదేముందని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే రెండు కాగితాలూ ఒకే పనికి ధర చెబుతున్నాయో లేదో ముందు చూడాలి.

చూస్తే, చెప్పడం లేదు. రాజమహేంద్రవరం ధరలో దోమల మెష్, పాత చట్రాలు తీసెయ్యడం, రవాణా, బిగింపు, గోడ అతుకు, పద్దెనిమిది శాతం జీఎస్టీ అన్నీ కలిసి ఉన్నాయి. అమలాపురం కాగితంలో రవాణా, బిగింపు తప్ప మిగతావేవీ లేవు. ఫోను చేసి ఒక్కొక్కటీ అడిగి రాసుకున్నాను. మెష్‌కు అడుగుకు 70, దాని మీదా జీఎస్టీ. పాత చట్రం ఊడదీయడానికి కిటికీకి 700. తాపీమేస్త్రి అతుకు పనికి కిటికీకి 500. అన్నీ కూడితే 78,566 అయింది. ఇరవై ఆరు వేల తేడా కాస్తా రెండు వేలకు దిగింది. పైగా అతని అద్దం మామూలుది, రెండో అతనిది టఫెండ్. పగిలినా చిన్న చిన్న పలుకులుగా రాలిపోతుంది తప్ప కత్తుల్లాంటి పెంకులుగా విడిపోదు. గాలివాన వస్తే కొబ్బరి మట్టలు ఎగిరొచ్చి తగిలే ఊళ్ళో దీన్ని నేను తేలిగ్గా తీసుకోలేను.

పాత చట్రం సంగతి అడిగి ఉండకపోతే తెలిసేదే కాదు. అమలాపురం అతని ఆలోచన ఏమిటంటే, ఊచలు కోసేసి, ఆ వేప చట్రాన్ని గోడలోనే ఉంచి, దాని లోపల కొత్త ఫ్రేము బిగించడం. పని త్వరగా అవుతుంది, గోడ పగలదు. కానీ గాలి వచ్చే జాగా నాలుగు వైపులా తగ్గిపోతుంది, చెదలు పట్టిన చెక్క గోడలోనే మిగిలిపోతుంది. యూపీవీసీని చెదలు తినవు, నిజమే. దాన్ని పట్టుకుని ఉన్న మేకు కింది చెక్కను తింటాయి కదా.

ఇద్దరూ నమూనా ముక్కలు ఇచ్చి వెళ్ళారు. యూపీవీసీ లోపల జింకు పూత వేసిన ఇనుప పట్టీ ఉండాలి, గాలి ఒత్తిడిని ఆపేది అదే. ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతం తీసి ఒక్కొక్క ముక్క వెంబడే జరిపాను. రాజమహేంద్రవరం ముక్కలో ఫ్రేముకూ, రెక్కకూ రెంటికీ అతుక్కుంది. అమలాపురం ముక్కలో ఫ్రేము దగ్గర ఆగింది, రెక్క మీద పెట్టగానే జారి నా ఒళ్ళో పడింది. మన తూర్పు తీరానికి ఇళ్ళు కట్టేటప్పుడు సెకనుకు 50 మీటర్ల గాలిని లెక్కలోకి తీసుకోవాలని ప్రమాణాలు చెబుతాయి, అంటే గంటకు 180 కిలోమీటర్లు. అలాంటి చోట ఇనుము లేని రెక్కను నాలుగడుగుల కిటికీకి ఎలా పెట్టుకుంటాం?

స్లైడింగ్ వద్దనడానికి మరో రెండు కారణాలున్నాయి. దాని రెక్కలు బ్రష్‌లాంటి అంచు మీద జరుగుతాయి కాబట్టి బలమైన జల్లును పూర్తిగా ఆపలేవు. బయటికి తెరుచుకునే రెక్కను మూస్తే రబ్బరు గ్యాస్కెట్ మీద బిగుసుకుంటుంది, బయటి నుంచి గాలి నెట్టే కొద్దీ ఇంకా బిగుస్తుంది. రెండోది, స్లైడింగ్ ఎంత తెరిచినా సగమే తెరుచుకుంటుంది. మే నెల సాయంత్రం ఉక్కపోతలో పైరగాలి కోసం ఎదురుచూసే ఇంటికి ఆ సగం పోగొట్టుకోవడం చిన్న విషయం కాదు.

మధ్యాహ్నం వడ్రంగి మేస్త్రి వచ్చి కొటేషన్లు తనూ చదివించుకున్నాడు. పని పోతోందని తెలిసి కూడా, "తూరుపు పక్కకి ఇదే మంచిదండి, అమ్మగారూ. టేకైనా ఏడాదికోసారి రంగెయ్యకపోతే మన ఉప్పుగాలికి ఆగదండి, ఆయ్" అన్నాడు. కొలతలు ఎవరు ఎలా తీశారని కూడా అడిగాడు. అమలాపురం అతను కిటికీకి ఒక పొడవు, ఒక వెడల్పు రాసుకుని వెళ్ళాడు. రెండో అతను పైనా, మధ్యలో, కిందా మూడు చోట్ల టేపు పెట్టి, మూల నుంచి మూలకు రెండు వైపులా కొలిచి, పడమటి గది కిటికీ మూలమట్టానికి లేదని అప్పుడే చూపించాడు. మేస్త్రి తన రసమట్టం తెచ్చి ఆ గోడకు పెట్టి చూసి తలూపాడు. వరండా కిటికీని బాగుచేసే పని అతనికే ఇచ్చాను. అడుగు చెక్క మార్చి, బందులు కొత్తవి వేస్తాడు.

సాయంత్రం రాజమహేంద్రవరానికి ఫోను చేశాను. ఇనుప పట్టీ ఎంత మందమో, కింది ఫ్రేములో నీళ్ళు పోయే కన్నాలు ఎన్నో, గ్యారంటీ ఎవరిదో కొటేషన్లోనే రాసివ్వమంటే ఒప్పుకున్నాడు. బందులు మాత్రం 304 రకం స్టీలువే ఉన్నాయన్నాడు. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా 316 రకం మేలు కదా అంటే, తెప్పించాలి, రెండు వారాలు ఆలస్యమవుతుంది, ఖర్చు కొంత పెరుగుతుందన్నాడు. ఆగుతామని చెప్పాను, మావారు కూడా సరేనన్నారు. సగం అడ్వాన్సు ఆ కాగితం చేతికి వచ్చాకే పంపుతాం. అమలాపురం అబ్బాయికి రేపు పొద్దున్నే ఫోను చేసి, ఎందుకు కాదనుకున్నామో వివరంగా చెప్పాలి. రెక్కలో ఇనుము సంగతి అతనికి తప్పకుండా తెలియాలి, ఇంకెవరి ఇంటికైనా అలాగే బిగించకముందే.