మా మనీ ప్లాంట్, వాళ్ల మనీ ట్రీ

మేం డాలస్ దగ్గర ఉంటాం. కుక్కపిల్ల కావాలని పిల్లలు రెండేళ్లు పోరితే గానీ ఒప్పుకోలేదు. తీరా అది ఇంటికొచ్చే ముందు వారం, పదకొండేళ్ల మా పెద్దది కాగితం, పెన్ను పట్టుకుని ఇంట్లో మొక్కల లెక్క తీసింది. వంటింటి కిటికీలో ఉన్న మనీ ప్లాంట్ దగ్గర ఆగి, "ఇది కుక్క తింటే ఏం కాదా అమ్మా?" అంది.

ఫోన్లో వెతికాను. ఏ ప్రమాదమూ లేదని వచ్చింది. హమ్మయ్య అనుకునేలోపు అది ఫొటో చూసి, "ఇది మన మొక్క కాదుగా!" అంది. నిజమే. అది ఇక్కడివాళ్ల మనీ ట్రీ, జడలా అల్లిన కాండం ఉండే పాకీరా. మనం సీసాలో నీళ్లు పోసి పెంచే తీగని ఇక్కడ పోథోస్ అంటారు. ఆ పేరుతో చూస్తే, కుక్కలకీ పిల్లులకీ పడదని, జంతువుల బాగోగులు చూసే ఏఎస్‌పీసీఏ అనే ఇక్కడి సంస్థ జాబితాలో ఉంది.

అప్పుడు అమ్మ గుంటూరు నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. ఆ తీగని ఏరి కోరి ఆగ్నేయంలో పెట్టించింది తనే. "మనూళ్లో ఇన్ని కుక్కలున్నాయి, ఒక్కటైనా మనీ ప్లాంట్ తిని చచ్చిందా?" అని గొడవ. "చావదు అమ్మమ్మా, నోరు మండుతుంది" అంటుంది ఇది. ఆకులోనూ కాడలోనూ కంటికి కనపడని క్యాల్షియం ఆక్సలేట్ సూదులుంటాయి. కొరకగానే నోట్లో గుచ్చుకుంటాయి. ఇదంతా చెప్పడానికి దానికి తెలుగు చాలక, "నీడిల్స్ అమ్మమ్మా, చిన్న చిన్న నీడిల్స్" అని ఆవిడ చేతి మీద వేలితో పొడిచి చూపించింది.

అమ్మ కాసేపు ఆగి, "కంద దురదలాగా అన్నమాట" అంది.

నాకైతే ఆ మాట తట్టనే లేదు. కంద, చేమ, మనీ ప్లాంట్ అన్నీ ఒకే కుటుంబం మొక్కలు, అన్నిట్లోనూ అవే సూదులు. ఆ శనివారం ఇండియన్ స్టోర్ నుంచి కంద తెప్పించి, చేతులకి నూనె రాసుకుని తరుగుతూ, చింతపండు ఎందుకు వేస్తారో మనవరాలికి చెప్పింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకనే సామెత కూడా చెప్పింది. "కత్తిపీటకి నోరు లేదుగా, అందుకే దురద ఉండదు" అని ఇది తేల్చేసింది. సామెత అర్థం వేరని నేను చెప్పబోతే ఇద్దరూ వినలేదు.

మొక్కని పారెయ్యలేదు, కొక్కేనికి పైన వేలాడదీశాం. అయినా ఓ రోజు రాలిన ఆకుని కుక్కపిల్ల నమిలేసింది. చొంగే చొంగ, మూతిని కాళ్లతో రుద్దుకోవడం. చిన్నోడు ఒకటే ఏడుపు. టెన్షన్‌తో వెట్‌కి ఫోన్ చేస్తే, నోరు నీళ్లతో కడగమన్నారు, వాంతి మాత్రం చేయించొద్దన్నారు. ఊపిరి కష్టమైతే వెంటనే తీసుకురమ్మన్నారు. సాయంత్రానికల్లా మామూలైపోయి చెప్పు కొరుకుతోంది.

అమ్మ తిరిగి వెళ్లే ముందు రోజు గుమ్మానికి కట్టిన కలబంద వైపు చూపించి, "మరి దీని సంగతేంటే?" అని మనవరాలిని అడిగింది. అదీ జాబితాలో ఉందట. అంత ఎత్తున కడితే దానికెక్కడ అందుతుందమ్మా అన్నాను. అప్పటికే ఇద్దరూ స్టూలు కోసం వెతుకుతున్నారు.